రెండు స్ట్రాలు, ఒక బొండం

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని నాలుగు నెలలుగా అమలాపురం సమీపంలో కాలువ గట్టు పక్కన ప్రతి ఆదివారం జరిగే ఒక సైన్సు సందేహాల తరగతికి పంపుతున్నాము. పదవీ విరమణ చేసిన ఫిజిక్సు మాస్టారు ఒకరు తమ ఇంటి వసారాలో నడుపుతున్న ఈ తరగతికి రుసుము నెలకు 400 రూపాయలు. నోట్సు చెప్పరు, పరీక్షలు పెట్టరు. ప్రతి పిల్లా పిల్లవాడూ ఇంట్లోనో చేలోనో తాము చూసిన దాని మీద ఒక ప్రశ్న తెచ్చుకోవాలన్నదే నియమం.

మేము వెళ్లిన మొదటి వారమే ఒక కుర్రవాడు, "చేలో మోటారు వేసే ముందు పైపులో నీళ్లెందుకు పొయ్యాలండీ?" అని అడిగాడు. మాస్టారు జవాబు చెప్పలేదు. కొబ్బరి బొండం ఒకటి కొట్టించి, ఒక స్ట్రాను బొండంలోనూ మరొక దానిని బయట గాలిలోనూ ఉంచి, రెండింటినీ కలిపి నోట పెట్టుకొని తాగమన్నారు. ఏమవుతుందో ముందే అందరిచేతా కాగితం మీద రాయించారు. బుగ్గలు లోపలికి పోయేలా పీల్చినా ఆ కుర్రవాడికి చుక్క రాలేదు. నోట్లో ఒత్తిడి తగ్గితేనే బయటి గాలి నీళ్లను పైకి నెడుతుందని, రెండో స్ట్రా ఆ తగ్గుదలను ఎప్పటికప్పుడు పూడ్చేస్తోందని పిల్లలే తేల్చుకున్నారు. గాలి నీటికన్నా సుమారు 800 రెట్లు పలుచన కనుక, గాలి నిండిన పంపులో రెక్క ఎంత తిరిగినా ఒత్తిడి చాలినంత తగ్గదని, అందుకే నీళ్లు పోసి గాలిని వెళ్లగొడతామని, ఆ నీళ్లు జారిపోకుండా ఆపేదే అడుగున ఉండే ఫుట్ వాల్వు అని ఆ తరువాత మాస్టారు చెప్పారు. వాతావరణ ఒత్తిడి నిలపగలిగేది సుమారు 10 మీటర్ల నీటినే కాబట్టి, గట్టు మీది మోటారు ఆచరణలో 7, 8 మీటర్ల లోతు దాటితే లాగలేదు; నీరు పైనే తగిలే మన డెల్టాలో చెల్లే ఈ పంపు మెట్టలోని లోతైన బోర్లకు పనికిరాక, అక్కడ నీటిని కిందినుంచి నెట్టే సబ్‌మెర్సిబుల్ దింపుతారు. ఇన్నేళ్లు మోటారు వేసిన నాకు ఈ సంగతి ఆ రోజే తెలిసింది.

కూజా నీళ్లు కోనసీమ ఉక్కలో కన్నా అనంతపురం ఎండలో బాగా చల్లబడటానికి గాలిలోని తేమే కారణమన్న పాఠమూ బాగుంది.

కరెంటు దగ్గర మాత్రం తరగతి తడబడింది. మోటారు ముట్టుకుంటే షాకు కొట్టినా ఫ్యూజు ఎందుకు పోలేదని ఒక అమ్మాయి అడిగితే, చిన్న ఫ్యూజు వేసుకోవాలన్నారు మాస్టారు. ఇది పొరపాటు, పైగా ప్రమాదకరమైన పొరపాటు. ఫ్యూజు కాపాడేది తీగలను. మనిషి ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు, 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది తెలియనే తెలియదు. సరైన ఎర్తింగుతో పాటు 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకయితేనే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ఉండాలి. తరగతి అయ్యాక ఈ మాట మాస్టారితో మర్యాదగానే చెప్పాను, విన్నారు కూడా. తరువాతి రెండు వారాల్లోనూ పిల్లల ముందు ఆ ప్రస్తావన రాలేదు.

ఇరవై మందికి పైగా వస్తారు కనుక వెనక కూర్చున్నవారికి ప్రయోగం కనిపించదు. కాస్త ముందుగా వెళ్లడం మంచిది. మార్కులే కావాలనుకునేవారికి ఇది తగినది కాదు. ఈ నెల రుసుము మేము కట్టాము. కరెంటు పాఠం మటుకు ఇంట్లో నేనే చెబుతున్నాను.