అంబాసిడర్ వెనుక కమాన్లా, కాయిలోవర్లా?

మా ఇంట్లో 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. వెనుక ఎడమపక్క కూలబడిపోయింది. స్పీడ్ బ్రేకర్ దాటితే చాలు, డిక్కీ కింద టక్కుమంటుంది. మా బావమరిదిది 90ల నాటి బండి, ఇసుజు ఇంజినుది. దానికీ ఇదే జబ్బు. "కమాన్లు పీకి పారేద్దాం బావా, రెండిటికీ కాయిలోవర్లు పెట్టిద్దాం" అని వాడి పట్టు. ఆరు నెలలు వాదించుకున్నాం.

కమాన్ అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వెనుక స్ప్రింగు. కాయిలోవర్ అంటే షాకబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు తొడిగిన ఒకే ముక్క. ఒంటి మీద మరలుంటాయి. కాలరు తిప్పితే బండి ఎత్తు మారుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను. బరువూ తక్కువే. యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, తేలికైతే గతుకుల మీద చక్రం రోడ్డును త్వరగా అందుకుంటుంది. కమాన్ పట్టీల మధ్య రాపిడి ఉండదు కాబట్టి చిన్న గతుకులు ఒంటికి తెలియవు.

అంతవరకూ బాగానే ఉంది. అయితే మావాడు లెక్కలో వేసుకున్నది స్ప్రింగు ఖరీదు ఒక్కటే. అంబాసిడర్ కమాన్ కట్ట బరువు మోయడంతో సరిపెట్టదు. యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరక్కుండా, పక్కకి పోకుండా పట్టుకునేదీ అదే. క్లచ్ వదిలినప్పుడు యాక్సిల్ మెలి తిరగకుండా ఆపేదీ అదే. కాయిలోవర్ బరువు మోస్తుంది, ఊపు ఆపుతుంది, అంతే. తక్కిన పనులకు యాక్సిల్‌ని బాడీకి కలిపే నాలుగు కడ్డీలు, అంటే లింకులు, కావాలి. అవి సమాంతరంగా ఉంటే పక్కకి జరక్కుండా పన్హార్డ్ రాడ్ (యాక్సిల్‌ని బాడీకి అడ్డంగా కలిపే కడ్డీ) కూడా కావాలి. ఆ రాడ్డు వీలైనంత పొడవుగా, బండి నిలబడ్డ ఎత్తులో నేలకు సమాంతరంగా ఉండాలి. పొట్టిగా పెడితే గతుకు గతుకుకీ వెనుక భాగం పక్కకి ఈడుస్తుంది.

అసలు తిరకాసు పైచివర బిగింపులో ఉంది. పాత షాకబ్జార్బర్ బ్రాకెట్టు ఊపు తాలూకు ఒత్తిడికే కట్టింది. ఆ మూల బరువంతా దాని మీద పెడితే రేకు చిరుగుతుంది. కమాన్లు ముందు చివరి చుట్ట (కన్ను) దగ్గరొకచోట, వెనుక చివరను బాడీకి కలిపే ఊగే లింకు (షాకిల్) దగ్గరొకచోట బరువును బాడీకి పంచుతాయి. అంబాసిడర్‌కి లారీలాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. అందుకని కాయిలోవర్ పెట్టాలంటే అటునుంచి ఇటు ఒక అడ్డ దూలం (క్రాస్‌మెంబర్) వేసి, గట్టి భాగాలకు వెల్డింగ్ చేయాలి. యాక్సిల్ ట్యూబు మీద లింకుల బ్రాకెట్లు అతికేటప్పుడు కూడా కొంచెం అతికి, చల్లారనిచ్చి, మళ్లీ కొంచెం అతకాలి. ఒకే బిగిన లాగిస్తే వేడికి ట్యూబు వంగి, తర్వాత బేరింగులు, ఆయిల్ సీళ్లు తినేస్తుంది.

చోటు చాలక కాయిలోవర్‌ని ఏటవాలుగా పెట్టేవాళ్లు ఇంకో లెక్క మరిచిపోతారు. నిలువుకి 15 డిగ్రీలు వాలితే స్ప్రింగు పట్టులో చక్రం దగ్గరికి 93 శాతం చేరుతుంది. 30 డిగ్రీలైతే 75, 45 అయితే సగమే. "కంపెనీ స్ప్రింగే, అయినా మెత్తబడింది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. అమెరికాలో పాత ఫోర్డ్ మస్టాంగ్ కార్లకు ఈ లెక్కలన్నీ చేసి కిట్లు అమ్ముతారు. అంబాసిడర్‌కి అలాంటి పెట్టె ఏదీ నా కంటపడలేదు. ఇక్కడ లెక్కా మనదే, వెల్డింగూ మనదే.

మధ్యేమార్గం ఒకటి చెబుతుంటారు: కమాన్లు అలాగే ఉంచి, పాత షాకబ్జార్బర్ల చోట స్ప్రింగు తొడిగినవి బిగించడం. మూడింట్లో నాకు అస్సలు నచ్చనిది ఇదే. కమాన్ రాపిడి పోదు, బలహీనమైన బ్రాకెట్టు మీద బరువు మాత్రం పడుతుంది.

కమాన్లకు కూడా మనం చేసే అన్యాయం తక్కువేం కాదు. కూలబడితే ఇంకో పట్టీ వేయిస్తాం. ఎత్తు వస్తుంది, వెనుక కూర్చున్నవాళ్ల నడుం పోతుంది. మా బండిది విప్పించి చూస్తే పట్టీల మధ్య తుప్పు పెచ్చులు కట్టి, పది కర్రలు కలిపి తాడేసి బిగించినట్టు అయిపోయింది. రెండో పట్టీ చివర వేలిగోరంత లోతున గాడి పడింది. షాకిల్ బుష్ రబ్బరు చేతిలో పొడైంది. టక్కుమన్న చప్పుడు దానిదే, స్ప్రింగుది కాదు. గాడి పడ్డ పట్టీ మార్పించి, మిగతావి గీకించి, వంపు తిరిగి పెట్టించి, గ్రాఫైట్ గ్రీజు పూయించి, బుష్‌లు, యూ బోల్టులు, షాకబ్జార్బర్లు కొత్తవి వేయించాను. వారం తర్వాత, కమాన్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే ఆ యూ బోల్టులు మళ్లీ బిగించాలి, ఇది మాత్రం మరవకండి. కాయిలోవర్ అంత మెత్తదనం రాలేదు, అబద్ధమెందుకు? అయితే ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా మామిడికాయల బస్తాలు వేసినా కింద తగల్లేదు.

నా బండి విషయంలో ఇంకో కారణం కాగితాలది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20 వేలు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ వాడకం కుదరదు. షరతేమిటంటే ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పు ఉండకూడదు. క్రాస్‌మెంబర్ కోసం షెల్ కోస్తే ఆ దారి నా చేతులతో నేనే మూసుకున్నట్టు.

మావాడి బండికి ఆ వయసు ఇంకా రాలేదు. వాడికి హైవే మీద వేగం కావాలి, మలుపుల్లో పట్టు కావాలి, డిక్కీలో ఎప్పుడూ బరువు వేయడు. వాడికి కాయిలోవర్లే సరి అని చివరికి నేనే అన్నాను. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది కాబట్టి, గ్రైండర్ పట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగమన్నాను. ప్రస్తుతం వాడి బండి స్టాండ్ల మీద ఉంది. లింకులు ఒక కొలిక్కి వచ్చాయి, పన్హార్డ్ రాడ్డే సైలెన్సర్ గొట్టానికి తగులుతోంది. నిన్న ఫోన్ చేసి, "నీ పాత కమాన్లు పారేశావా, ఉంచావా?" అని అడిగాడు.