పాతిక పూసల సీసా: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో బ్యాక్టీరియా కల్చర్లను క్రయో పూసల్లో దాచడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. అంతకుముందు అంతా గ్లిసరాలే. 15–20 శాతం గ్లిసరాల్ ఉన్న బ్రాత్‌లో (పోషక ద్రవంలో) కల్చర్ కలిపి ట్యూబుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లం. చవకే, కాని అవసరమైనప్పుడల్లా అదే ట్యూబును కరిగించి, మళ్లీ గడ్డకట్టించేవాళ్లం. అలా చేసిన ప్రతిసారీ మంచు స్ఫటికాల దెబ్బకు కొన్ని కణాలు చచ్చేవి.

పూసలతో ఆ బెడద తప్పింది. చిటికెన వేలంత సీసాలో రంధ్రాలున్న పాతిక పూసలు, కొంచెం ద్రవం ఉంటాయి. రాత్రంతా పెరిగిన కల్చర్‌ను అందులో చిక్కగా కలిపి, మూత బిగించి నాలుగైదుసార్లు తలకిందులు చేసి, ద్రవం తోడేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. కావలసినప్పుడు ఒక పూస తీసి బ్లడ్ అగార్ (రక్తం కలిపిన పోషక జెల్లీ) మీద దొర్లిస్తే చాలు. మిగతావి గడ్డకట్టే ఉంటాయి. నెలకొకటి చొప్పున ఒక సీసా రెండేళ్లు వస్తుంది. తీసిన పూసను మాత్రం తిరిగి వేయకూడదు.

చిక్కల్లా ఆ ద్రవం తోడేయడంలోనే. సూచనల కాగితంలో దాని గురించి ఒక్క ముక్కే ఉంటుంది. కొత్తగా చేరిన టెక్నీషియన్ అడుగున కాస్త వదిలేశాడు. పూసలన్నీ పాకం ముదిరిన మరమరాల ఉండలా అతుక్కుపోయాయి. సూదితో తవ్వుతుంటే సీసా మీది మంచు కరిగి గ్లవ్స్ తడిసిపోయాయి. ఒక్క పూస ఊడివచ్చేసరికి మిగిలినవి మెత్తబడ్డాయి. దాచిన ప్రయోజనం ఏముంది? తీగలు సాగే క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాతోనూ ఇదే తంటా. అప్పటినుంచి ముందే చల్లబరచిన బ్లాకులో నిలబెట్టి తప్ప సీసా మూత తీయడం లేదు.

ఫ్రీజర్ సంగతి నాకు నేర్పింది ఏటీసీసీ (అమెరికాలోని కల్చర్ల భాండాగారం) 700603 నంబరు క్లెబ్సియెల్లా. ఈఎస్‌బీఎల్ పరీక్షకు, అంటే యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే బీటా లాక్టమేజ్ ఎంజైమును పట్టుకునే పరీక్షకు, అది సరిగా పనిచేస్తోందో చూడడానికి మేం వాడే నియంత్రణ స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) అది. చేతికందుతుందని దాని సీసా ఒకటి మైనస్ 20లో ఉంచాం. కొన్ని నెలలకు సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 10 నుంచి 18 మిల్లీమీటర్లు ఉండాల్సింది 24 వచ్చింది, అంటే మందుకు తట్టుకునే శక్తి తగ్గింది. ముందు డిస్కులను అనుమానించాం. కొత్త డిస్కులతోనూ అంతే. చివరికి మైనస్ 80లోని సీసా నుంచి పూస తీసి పెంచితే వలయం హద్దులోకి వచ్చింది. బీటా లాక్టమేజ్ జన్యువున్న ప్లాస్మిడ్‌ను (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ఉంగరాన్ని) మైనస్ 20లోని బ్యాక్టీరియా పోగొట్టుకుంది. కాలనీలు నిగనిగలాడుతూనే ఉన్నాయి, దేనికోసం దాచామో అదే పోయింది. మైనస్ 60 కన్నా తక్కువ చల్లదనంలో ఉంచిన ఇలాంటి స్ట్రెయిన్లను నమ్మవద్దు.

ఈకోలై, స్టాఫ్ (స్టెఫిలోకాకస్) బ్యాక్టీరియాలు మొండివి, ఎప్పుడు తీసినా లేస్తాయి. న్యుమోకోకస్ అలా కాదు, ముదిరిన కల్చర్‌లో తనను తానే కరిగించుకుంటుంది. దాన్ని లేతగా ఉండగానే, రెండు సీసాల్లో దాస్తాను. కరెంటు పోయిన ఒక మే నెల ఆదివారం తర్వాత ముఖ్యమైన వాటి రెండో సెట్టును వేరే గదిలోని ఫ్రీజర్‌కు మార్చాం. మామూలు మార్కర్‌తో సీసా మీద రాసిన పేరు స్పిరిట్ తగిలితే మాయం. నంబరు మూత మీద, వివరాలు రిజిస్టరులో ఉండాలి.

ధర మాత్రం చేదుగానే ఉంది. రోజువారీ రోగుల కల్చర్లకు ఇది దండగ. వాటికి నేటికీ గ్లిసరాలే వాడతాను, కాకపోతే ఒకే వాడకానికి సరిపడేలా చిన్న చిన్న ట్యూబుల్లో. ప్రామాణిక స్ట్రెయిన్లకు, అరుదుగా దొరికే వాటికి మాత్రం పూసలే. మా ఏటీసీసీ 25922 ఈకోలై సీసాలో ఇంకా మూడు పూసలు మిగిలాయి. ఇండెంటు పెట్టాను, ఈసారి నాలుగు రంగుల మూతలతో.