గండిపేటలో విదియ చంద్రుడు, ఆ కింద బుధుడు

హైదరాబాదులో నెలవంకను ఫోటో తియ్యాలంటే కెమెరా కంటే ముందు పడమర దొరకాలి. ఊరు పెరుగుతున్నదే అటువైపు. నార్సింగి, కోకాపేటల్లో టవర్లు లేచాక ఇటువైపు వాళ్లకు పొద్దు తొందరగా గుంకినట్టే ఉంటోంది.

మేం పట్టుకోవాలనుకున్నది 2025 మార్చి 1, శనివారం నాటి విదియ చంద్రుణ్ని. అమావాస్య దాటి ఒకటిన్నర రోజు. అతని కింద ఐదు డిగ్రీల దూరంలో బుధుడు, పైన కుడివైపుకి శుక్రుడు. శుక్రుడు తేలిగ్గానే దొరుకుతాడు. బుధుడు సూర్యుణ్ని వదిలి ఎన్నడూ 28 డిగ్రీలు మించి పోడు, ఆసారైతే 18 దగ్గరే ఆగిపోయాడు. పొద్దు గుంకాక గంట కూడా చేతికి రాదు, అందులో చివరి పావుగంట మసకలోనే పోతుంది.

హనుమకొండ నుంచి నేనూ మా బావా శుక్రవారమే బండెక్కాం. మొదటి రాత్రి లక్డీకాపూల్‌లో లాడ్జి, 1,400 రూపాయలు. గది ఇరుకే కానీ శుభ్రంగా ఉంది, మెట్రో పక్కనే. దాని గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు.

ఆ రోజు చోట్లు చూసుకోవడమే పని. గోల్కొండ కోట సాయంత్రం ఐదున్నరకే మూసేస్తారు, మనకు అసలు పని మొదలయ్యేది ఆ తర్వాత. తారామతి బారాదరి నాకు బాగా నచ్చింది. గుట్ట మీద పన్నెండు ద్వారాల మంటపం, ఆవరణలోనే టూరిజం వాళ్ల హోటల్. ఊరికే విశ్రాంతికైతే అక్కడే దిగమంటాను. కానీ పడమటికి తిరిగితే కట్టడాలే. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూశాను. చాచిన పిడికిలి సుమారు పది డిగ్రీలు, అందులో సగం దాకా టవర్లే మింగేశాయి. "ఫోటో తీస్తున్నవా, పొలం కొలుస్తున్నవా?" అన్నాడు బావ.

ఇక మిగిలింది నీళ్లు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి కట్ట తూర్పున, నీళ్లు పడమరన. మనక్కావలసింది సరిగ్గా అదే. వరద ఆపడానికి కట్టినవాళ్లు మనకోసం దిగంతం కూడా ఖాళీగా ఉంచిపోయారు.

శనివారం అటువైపే ఒక రిసార్టులో గది తీసుకున్నాం, 4,200. టెర్రస్ మీంచి చెరువు కనిపిస్తుందని ఫోన్లో రెండుసార్లు చెప్పారు. కనిపిస్తుంది, నిజమే. ఆరింటికి ట్రైపాడ్ మోసుకుంటూ మెట్లెక్కితే తలుపుకి తాళం. "సిక్స్ దాటితే టెర్రస్ క్లోజ్ సార్, సెక్యూరిటీ రూల్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ మాట బుకింగ్ అప్పుడు చెప్పి ఉంటే ఆ డబ్బుతో ఇంకో రెండు రాత్రులు లాడ్జిలో ఉండేవాణ్ని. తిండి మాత్రం బాగుంది, గదిలో ఏసీ కూడా చల్లగానే ఉంది. కానీ మేం వచ్చింది ఏసీ కోసం కాదు కదా.

ఆటో పట్టుకుని, చెట్ల సందులోంచి నీళ్లు కనిపించే చోట రోడ్డువార దిగేసరికి ఆరూ ఇరవై. పొద్దు అప్పుడే గుంకుతోంది. అక్కడ టీవీఎస్ బండి మీద ఫ్లాస్కు పెట్టుకుని ఒక పెద్దాయన చాయ్ అమ్ముతున్నాడు. ఆయనా పడమటికే చూస్తున్నాడు. ఆ రాత్రి చంద్రుడు కనబడితే తెల్లారి రంజాన్ మొదటి రోజా, అంటే ఉపవాసం.

నేను లెన్స్ బిగిస్తుంటే తెలిసింది, అద్దెకు తెచ్చిన 150-600 ఎం.ఎం. జూమ్ లెన్స్‌ను ట్రైపాడ్‌కి పట్టించే కాలర్ స్క్రూ అరిగిపోయి ఉంది. రోజుకి 900 అద్దె, పదివేలు డిపాజిట్, ఇచ్చేటప్పుడు గ్లాసు మీద గీతలు చూపించి సంతకం పెట్టించుకున్నారు. స్క్రూ సంగతి మాత్రం ఎత్తలేదు. బావ జేబురుమాలు చింపి సందులో కుక్కాడు. అద్దెకు తెచ్చేవాళ్లు గ్లాసుతో పాటు స్క్రూలు కూడా తిప్పి చూసుకోండి.

"వో దేఖో బేటా," అన్నాడు చాచా. అప్పుడు ఆరూ ముప్పై ఎనిమిది. నేనింకా స్క్రీన్‌లో వెతుకుతూనే ఉన్నాను. నారింజ రంగు ఆకాశంలో వెంట్రుక ముక్కలాగా, రెండు కొనలూ పైకి తిరిగి. చాచా గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి ఏదో చదువుకున్నాడు. తర్వాత మా ఇద్దరివైపూ తిరిగి "చాంద్ ముబారక్" అని, డబ్బులు అడగకుండానే రెండు చాయ్‌లు పోశాడు.

ఆటోఫోకస్ పనిచెయ్యలేదు. లైవ్ వ్యూలో పెద్దది చేసి, నెలవంక కొన మీద చేత్తో ఫోకస్ చేసుకున్నాను. ఆరూ యాభైకి బుధుడు తేలాడు, ఎర్రటి చుక్క. దిగంతం దగ్గర గాలి పొర మందంగా ఉంటుంది కాబట్టి నీళ్లలో దీపంలా వణుకుతున్నాడు. లెన్స్‌ను 200 దగ్గరకు తగ్గించి కెమెరా నిలువుగా తిప్పితే ఇద్దరూ ఒక ఫ్రేములో పట్టారు. నా చిన్న సెన్సర్ కెమెరాకి 300 పెడితే ఎవరో ఒకరు అంచు దాటిపోతారు. ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకుదనం) 800, షట్టర్ ఒక సెకను, చెయ్యి తగిలి కదలకుండా రెండు సెకన్ల టైమర్. సెకను దాటితే భూమి తిరగడం వల్ల చుక్క గీత అవుతుంది. ఆ ఒక్క సెకనులోనే చంద్రుడి చీకటి భాగం కూడా బూడిద రంగులో గుండ్రంగా తేలింది. భూమి మీద పడ్డ ఎండ తిరిగి అక్కడికి చేరిన వెలుగది.

ఏడూ పది దాటగానే బుధుడు నీళ్లను ముట్టకముందే మసకలో కరిగిపోయాడు. శుక్రుడు ఇంకా పైనే మెరుస్తుంటే, లెన్స్ ఉంది కదా అని 600 పెట్టి నాలుగు కొట్టాను.

తిరుగు ప్రయాణమే కష్టమైంది. యాప్‌లో ముగ్గురు ఒప్పుకుని ముగ్గురూ రద్దు చేశారు. చివరికి చాచా తెలిసిన ఆటోని ఫోన్ చేసి పిలిచాడు. ఆ వైపు వెళ్లేవాళ్లు వచ్చిన ఆటోనే ఆపి ఉంచుకోండి.

ఆదివారం ట్యాంక్‌బండ్. చంద్రుడు ఇంకొంచెం లావయ్యాడు, రాత్రి ఎనిమిది దాటినా ఉన్నాడు. హడావిడి లేదు, చాట్ బండ్లున్నాయి, తిరిగి వెళ్లడానికి బండి ఎప్పుడైనా దొరుకుతుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నిజానికి ఇదే మేలు. కాకపోతే హుస్సేన్‌సాగర్ నడుమ ఉన్న బుద్ధుడి విగ్రహం చంద్రుడికంటే చాలా పెద్దగా వస్తుంది. 18 మీటర్ల విగ్రహం చంద్రబింబమంతే కనబడాలంటే దాదాపు రెండు కిలోమీటర్లు వెనక్కి పోవాలి. మధ్యలో ఊరుంది. పైగా విగ్రహం మీద దీపాల వెలుగుకీ నెలవంకకీ ఒకే ఎక్స్‌పోజరు కుదరదు. రెండు విడివిడిగా తీశాను.

రాత్రి రైల్లో లాప్‌టాప్ తెరిచి శుక్రుడి ఫోటోలు పెద్దవి చేస్తే గుండ్రంగా లేవు. స్క్రూ కదిలిందనుకుని షాపువాణ్ని మళ్లీ తిట్టుకున్నాను. నాలుగింట్లోనూ వంపు ఒకేవైపు ఉంది. అప్పుడు వెలిగింది, శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యకు వస్తున్నాడు, ఈ నెలాఖరుకు వేగుచుక్కై తూర్పున లేస్తాడు, ఇప్పుడు అతనూ నెలవంకే.

బావ నిద్రకళ్లతో తొంగిచూసి, "చంద్రుణ్ని ఇంత చిన్నగ తీసినవేందిరా?" అన్నాడు.