ప్రీ-అప్రూవల్ లెటర్ చూసి బయానా ఇచ్చేయకండి: బరంపురం వాళ్ళకి హెచ్చరిక

బరంపురంలో మొదటిసారి ఇల్లు కొనడానికి హోమ్ లోన్ కోసం తిరుగుతున్న మన తెలుగువాళ్ళు ముందు ఇది చదవండి, చెక్కు మీద సంతకం తర్వాత పెడుదురు. లోన్ ఏజెంట్ పేరు రాయను. "మనం మనం" అంటూ భుజం మీద చెయ్యేసేది ఎవరో ఇక్కడ లోన్ కోసం తిరిగిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

మేం చూసింది లొచ్చాపడ వైపు ఇల్లు, 38 లక్షలు. ఏజెంటు నా జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకెళ్ళాడు, సిబిల్ స్కోరు చూశాడు, 34 లక్షలకి ప్రీ-అప్రూవల్ లెటర్, అంటే ఇంత లోన్ ఇవ్వొచ్చని బ్యాంకు ముందుగా ఇచ్చే కాగితం, వాట్సాప్‌లో పడేశాడు. "లెటర్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే బావగారూ, బయానా ఇచ్చీండి, లేకపోతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు." ఇచ్చాం, లక్షన్నర. అందులో మా ఆవిడ చీటీ డబ్బులున్నాయి. ప్రాసెసింగ్ ఫీజు పదివేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 11,800. అది తిరిగి రాదట, ఆ ముక్క మాత్రం లెటర్‌లో పెద్ద అక్షరాల్లోనే ఉంది.

ఆ లెటర్ నా జీతం చూసి ఇచ్చింది, ఇంటి మొహం చూసి కాదు. అసలు ఆ 34 లక్షలే గాలి లెక్క. లోన్ 30 లక్షలు దాటితే 75 లక్షల దాకా ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ రూలు. 38లో 80 శాతం అంటే 30 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మన జేబులోంచే. ఇది రోజూ లోన్లు ఇప్పించే మహానుభావుడికి తెలీదంటే నమ్మాలి మరి.

సరే, ఆ తేడా ఎలాగో సర్దుదామనుకుంటుండగా వకీలు లీగల్ రిపోర్టు వచ్చింది. పట్టాలో ముందు ముక్క ఘరబారీ, అంటే ఇంటిస్థలం. వెనక ముక్క, అంటే వంటిల్లూ బాత్రూమూ ఉన్నది, కిసం (భూమి రకం) ఇంకా శారద, అంటే వరిపొలం. రికార్డుల ప్రకారం మేం వరిచేలో పొయ్యి పెట్టుకోవాలన్నమాట. తహసీల్‌లో ఒడిశా భూసంస్కరణల చట్టం (ఓఎల్‌ఆర్) 8-ఏ కింద ఇంటిస్థలంగా మార్పించి తెస్తే తప్ప లోన్ లేదు.

ఇంతవరకూ ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణే. బ్రాంచిలో ఫైలు తిరగేస్తున్న కుర్ర గుమాస్తా తలెత్తి, "ఈ పట్టా ఇంతకుముందోసారి వచ్చింది కదా, అప్పుడూ దీనికే కొట్టేశారు" అన్నాడు. పక్కనే మన ఏజెంటు బావగారు. నేను ఆయన మొహంలోకి చూశాను. సెల్ ఫోన్ తీసి నొక్కుకుంటున్నాడు! "తెలిసే నాచేత బయానా ఇప్పించావా?" అని గట్టిగా అడిగితే, అప్పటిదాకా తియ్యగా తెలుగు మాట్లాడినవాడు ఒడియాలోకి దిగిపోయాడు. "ము కణ కరిబి?" తనేం చేస్తాడట! తర్వాత నవ్వుతూ, "ఈసారి వేరే వకీలు చూస్తాడేమో, పాసైపోద్దనుకున్నాను" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. నా లక్షన్నర ఆయనకి లాటరీ టికెట్టు. తగిలితే ఆయనకి కమీషను, తగలకపోతే నాకు నామం. డిగ్రీ చదివి, రోజూ ఆఫీసులో ఫైళ్ళు చూసే నేను "మనోడే కదా" అని పట్టా ఒక్కసారి తెరిచి చూడలేదు. భలే చదువు.

బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) వాళ్ళ సీఎంఎస్ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెడతాను.

మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. బయానాకి ముందే ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఖాతా, ప్లాట్ నంబరు కొట్టి ప్రతి ముక్క కిసమూ చూడండి, ఉచితమే. లోన్ రాకపోతే బయానా వాపసు అని అగ్రిమెంటులో రాయించండి. మేం చిన్న రసీదు మాత్రమే తీసుకున్నాం.

ఇల్లు అమ్మేవాయన ఫోన్ ఎత్తడం లేదు. నిన్న వాళ్ళబ్బాయి ఎత్తి, ఆదివారం ఇల్లు చూడ్డానికి ఇంకో పార్టీ వస్తోందని చెప్పాడు. తీసుకొస్తున్నది ఎవరో ఊహించగలరు. ఆ పార్టీ మీరే అయితే, వెనక ముక్క సంగతి ముందు అడగండి.