ప్లీడరు లింకన్ ఊళ్లో రెండు రోజులు

నాన్నగారు ముప్పై ఐదేళ్లు ప్లీడరుగా పనిచేశారు. అమెరికాలో ఆయన చూడాలని అడిగిన ఊరు ఒక్కటే, అధ్యక్షుడు కాకముందు అబ్రహాం లింకన్ వకాలతు చేసిన, ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్. షికాగో నుంచి రైల్లో సుమారు మూడున్నర గంటలు పట్టింది.

బస విషయంలో నేను తప్పు చేశాను. చవకగా దొరికిందని రహదారి పక్కన గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది కానీ, అలా ఆదా అయిన డబ్బంతా టాక్సీలకే పోయింది. మీరు ఊరి మధ్యలోనే ఉండండి. లింకన్ ఇల్లు, ఆఫీసు, పాత శాసనసభ భవనం అన్నీ నడిచి చూడవచ్చు. ఇక్కడ పేరున్న వంటకం హార్స్‌షూ, అంటే రొట్టె మీద మాంసం, ఆపైన వేయించిన బంగాళదుంపలు, చీజ్ సాస్. మేము శాకాహారులం. అమ్మ కట్టిన పులిహోరే మాకు మొదటి రోజు భోజనం.

లింకన్ ఇంటిని చూడడానికి రుసుము లేదు. సందర్శకుల కేంద్రంలో వేళ రాసిన టికెట్ తీసుకోవాలి, కారుంటే పార్కింగ్‌కు మాత్రం కట్టాలి. 1842లో తమ పెళ్లి జరిపించిన పాదిరి చార్లెస్ డ్రెసర్ దగ్గరే లింకన్ 1844లో ఈ ఇంటిని కొన్నాడు. మేడమెట్ల చేతిపట్టు ఆనాటిదేనని, పట్టుకోవచ్చని ఇంటిని చూపించే రేంజరు చెప్పారు. మోకాళ్ల నొప్పితో కిందే ఉంటానన్న నాన్నగారు ఆ మాట వినగానే మెట్లెక్కారు.

అయినా నా మనసు నిలిచింది లింకన్, ఆయన వకాలతు భాగస్వామి హెర్న్‌డన్ ల ఆఫీసులోనే. బడిలో గడిపింది మొత్తం కలిపినా ఏడాదికి మించని మనిషి, అరువు పుస్తకాలతో లా చదివి 1836లో లైసెన్సు పొందాడు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ఒక్క పదవీకాలం (1847-49) పూర్తిచేసి మళ్లీ ఈ వృత్తికే వచ్చాడు. ఏటా రెండుసార్లు న్యాయమూర్తితో, తోటి వకీళ్లతో ఊరూరా తిరిగి కేసులు వాదించేవాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకే దారి తెరిచిన 1854 నాటి చట్టమే ఆయన్ను మళ్లీ రాజకీయాల్లోకి లాగింది. ఆ తర్వాత కాంగ్రెస్ ఎగువసభ సెనేట్‌కు రెండుసార్లు ఓడిపోయాడు. 1861లో అధ్యక్ష పదవి చేపట్టడానికి ఊరు విడిచేముందు, ఆఫీసు బోర్డు తీయవద్దని, తిరిగి వచ్చాక మళ్లీ కలిసి పనిచేద్దామని చెప్పాడని హెర్న్‌డన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఇది విని నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు.

దేశం సగం బానిసత్వంతో, సగం స్వేచ్ఛతో నిలవలేదంటూ 1858లో లింకన్ 'చీలిన ఇల్లు' ప్రసంగం చేసింది పాత శాసనసభ భవనంలోనే. దీన్ని 1960లలో రాయి రాయి విప్పి మళ్లీ కట్టారు. 2005లో తెరిచిన లింకన్ మ్యూజియానికి టికెట్ ఉంది. నిలువెత్తు బొమ్మలు, వెలుగుల ప్రదర్శనలు పిల్లలకు బాగా నచ్చుతాయి. మాకు మాత్రం ఆ హోరు ఎక్కువైంది. ఓక్ రిడ్జ్ శ్మశానవాటికలోని లింకన్ సమాధికి ఉదయమే వెళ్లండి, ప్రశాంతంగా ఉంటుంది. 1876లో దొంగలు శవాన్ని ఎత్తుకుపోబోయారు. అందుకే 1901లో దాన్ని కాంక్రీటు కింద లోతుగా పెట్టారు.

రెండో రోజు కారు అద్దెకు తీసుకుని మౌంట్ పులాస్కీ అనే చిన్న ఊరికి వెళ్లాం. లింకన్ వాదించిన చిన్న కోర్టు భవనం అక్కడ ఇంకా ఉంది. వకీళ్లు నిలబడే చోట నాన్నగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్కడికి వెళ్లేవారు ముందుగా ఫోను చేసి, తెరిచే వేళలు కనుక్కుని వెళ్లండి.