గ్లూకాజెన్ హైపోకిట్: మందుకు పూర్తి మార్కులు, కిట్‌కు కొన్ని కోతలు

ఇన్సులిన్ వాడేవాళ్ల ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటుంది, పంచదార ఎలాగూ ఉంటుంది. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పితే ఆ రెండూ చాలవు. నోవో నార్డిస్క్ వారి గ్లూకాజెన్ హైపోకిట్ ఆ సమయం కోసమే. నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బాలో రక్తంలో చక్కెరను పెంచే హార్మోన్ గ్లూకగాన్ 1 మి.గ్రా. పొడిగా ఉన్న చిన్న సీసా, 1 మి.లీ. నీళ్లు నింపిన సిరంజి, అంతే. మందు గొప్పది. కిట్ మాత్రం కంగారులో వణికే చేతుల కోసం చేసినట్టు లేదు.

ఈ మందు విలువ తెలియాలంటే క్లోమం చేసే పని తెలియాలి. క్లోమంలోని ఐలెట్లలో (హార్మోన్లు తయారుచేసే చిన్న కణాల గుంపుల్లో) బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను వదులుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర 80 దగ్గరకు దిగేసరికే ఇన్సులిన్ తగ్గడం మొదలవుతుంది. 70 కిందికి జారుతుంటే గ్లూకగాన్ పెరుగుతుంది. అది కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టించి రక్తంలోకి పంపిస్తుంది. మామూలుగా బీటా కణాల ఇన్సులిన్ పక్కనే ఉన్న ఆల్ఫా కణాలను అదుపులో ఉంచుతుంది. అది తగ్గడమే వాటికి ఒక ముఖ్యమైన సంకేతం. టైప్ 1 షుగర్‌లో బీటా కణాలు నశిస్తాయి కాబట్టి ఆ సంకేతం రాదు. పైగా సూదితో వేసుకున్న ఇన్సులిన్, చక్కెర ఎంత పడిపోతున్నా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అందుకే జబ్బు మొదలైన ఐదారేళ్లలో చాలామందికి లో షుగర్‌ వచ్చినప్పుడు గ్లూకగాన్ పెరగడం ఆగిపోతుంది. ఆల్ఫా కణాలు బతికే ఉంటాయి, భోజనం తర్వాత అక్కర్లేకపోయినా గ్లూకగాన్ వదులుతాయి కూడా. అవసరానికి మాత్రం పలకవు. ఆ లోటును ఈ సూది తీరుస్తుంది.

వాడే పద్ధతి ఇది. సీసా మీది ప్లాస్టిక్ మూత తీసేయాలి. సిరంజిలోని నీళ్లన్నీ రబ్బరు బిరడా గుండా పొడిలోకి ఎక్కించాలి. సూది బయటికి తీయకుండానే, పొడి కరిగి నీరు తేటపడేదాకా సీసాను మెల్లగా తిప్పాలి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి మోతాదు సరిగ్గా లాగలేం. సూది మొన ద్రవంలో మునిగి ఉండేలా చూస్తూ మందు లాగి, గాలి బుడగలు తీసేసి, తొడ బయటివైపో భుజం కిందో పొడవాలి. పెద్దలకూ, 25 కిలోలు దాటిన పిల్లలకూ మొత్తం 1 మి.లీ., అంతకన్నా తక్కువ బరువున్న పిల్లలకు 0.5 మి.లీ. కలిపిన మందును దాచకూడదు. కరిగాక చిక్కగా జిగురుగా ఉన్నా, రేణువులు కనిపించినా పారేయాలి.

తరచూ జరిగే తప్పు ఒకటుంది. సిరంజిలో ముందే ద్రవం ఉంది కదా, అదే మందనుకుని నేరుగా పొడిచేస్తారు. ఒంట్లోకి వెళ్లేది ఉత్త నీళ్లు! డిజైన్ పరంగా ఈ కిట్‌కు అతిపెద్ద లోపం ఇదే. గడువు తీరిన కిట్‌ను పారేసేముందు దాంతో కలపడం, లాగడం ఇంట్లో అందరితో ఒకసారి చేయించి, బత్తాయి మీద పొడిపించండి.

సూది వేశాక మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గ్లూకగాన్ వికారం తెస్తుంది, వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. స్పృహ లేనివాళ్ల నోట్లో పంచదార నీళ్లు పోయడం మన ఇళ్లలో ఇంకా ఉంది, దయచేసి మానండి. సాధారణంగా 10 నిమిషాల్లో కదలిక వస్తుంది. మింగగలిగే స్థితికి రాగానే మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్లు, ఆ తర్వాత ఇడ్లీయో అన్నమో పెట్టాలి. లేకపోతే కాలేయం ఇచ్చిన చక్కెర అయిపోయి షుగర్ మళ్లీ పడిపోతుంది. 108కి ఫోన్ సూది వేయగానే చేయాలి, 10 నిమిషాలు చూసి కాదు.

కాలేయంలో నిల్వ లేకపోతే ఈ మందు చేయగలిగింది చాలా తక్కువ. రోజంతా ఏమీ తిననివాళ్లకు, ఖాళీ కడుపుతో మద్యం తాగినవాళ్లకు, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి లోపం ఉన్నవాళ్లకు దీన్ని నమ్ముకోకూడదు, నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాల్సిందే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రల వల్ల షుగర్ పడితే లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. అడ్రినల్ గ్రంథిలో వచ్చే ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉన్నవాళ్లకు ఇది అసలు ఇవ్వకూడదు.

ఇక దాచే సంగతి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ బయట కొంతకాలం ఉంచవచ్చని కంపెనీ చెప్పినా, ఆ షరతు 25 డిగ్రీల లోపు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండాకాలం బల్ల సొరుగులో అది కుదిరే పని కాదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్‌కు ఆనించి వద్దు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు బాక్సిమి అని ముక్కులో కొట్టే 3 మి.గ్రా. గ్లూకగాన్ పొడి 2019 నుంచి ఉంది. కలపడం లేదు, సూది లేదు, లోపలికి పీల్చనక్కర్లేదు, 30 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అది దొరికేచోట నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త: అందులో ఒకే మోతాదు ఉంటుంది, పనిచేస్తుందో లేదో చూద్దామని ముందే నొక్కితే మందంతా గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ హైపోకిట్టే కొనేవాళ్లు డాక్టరు చీటీతో ముందుగా ఆర్డర్ పెట్టుకోండి, అన్ని మందుల షాపుల్లోనూ నిల్వ ఉంచరు. డబ్బా తీసుకునేటప్పుడు గడువు తేదీ చూసి, అది కనీసం ఏడాది దూరం లేకపోతే మరోటి అడగండి.