బెంగళూరులో గోల్ఫ్ రూల్స్ వీకెండ్ క్లాస్: బాల్ మట్టిలో దిగిపోతే ఏం చెయ్యాలి అన్నదాని మీదే సగం రోజు

ముందే చెప్పేస్తా, పెట్టిన డబ్బులు దండగ కాదు. కాకపోతే సగం క్లాస్ అదిరింది, సగం ఆవలింతలు తెప్పించింది, ఏది ఏంటో కింద రాస్తా. హోస్కోటె దాటాక ఒక డ్రైవింగ్ రేంజ్ వాళ్లు వీకెండ్స్‌లో పెడుతున్నారు, పొద్దున్నే మొదలుపెట్టి లంచ్ టైంకి వదిలేస్తారు, ఫీజు రెండు వేల లోపే. పేరు మాత్రం రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి, చిన్న సెటప్, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. ఆ వైపు ఆడేవాళ్లని ఎవర్నడిగినా చెప్తారు.

పేరుకి రూల్స్ క్లాస్ అన్నారు గానీ అసలు సబ్జెక్ట్ రిలీఫ్ ఒక్కటే, అంటే ఎప్పుడు బాల్ ఎత్తి వేరే చోట నుంచి ఆడొచ్చు అన్నది, అందులోనూ ఎక్కువ భాగం ఎంబెడెడ్ బాల్, నేలలోకి దిగబడ్డ బాల్, అదే మనం ప్లగ్ అయింది అంటాం కదా అది. ఒక్క రూల్‌కి ఇంతసేపా అని మాతో వచ్చిన ఒకాయన కార్‌లో నవ్వుతూనే ఉన్నాడు. కానీ సెప్టెంబర్, అక్టోబర్‌లో బెంగళూరులో ఆడినవాళ్లకి తెలుసు, సాయంత్రం వాన కుమ్మేస్తుంది, తెల్లారి ఆట మొదలుపెట్టే ఫస్ట్ టీ టైం మనదే, ఎర్రమట్టి ఇంకా ఆరి ఉండదు, పైనుంచి పడ్డ బాల్ బురదలో గేదెలాగా హాయిగా కూర్చుంటది. ఫోర్‌బాల్‌లో, అంటే నలుగురు కలిసి ఆడే గ్రూపులో, ఎవరిదో ఒకరిది దిగుతుంది, దిగిన ప్రతిసారీ పంచాయితీ, వెనకాల వచ్చే గ్రూపు వాళ్లు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తుంటారు.

చెప్పేది టోర్నమెంట్లలో రెఫరీగా చేసే ఒక పెద్దాయన. రాగానే థియరీ మొదలుపెట్టకుండా నాలుగైదు సిట్యుయేషన్లు చెప్పి మీరైతే ఏం చేస్తారో రాయండి అని కాగితాలిచ్చాడు. ఆ కాగితాలు పైకి చదువుతుంటే చూడాలి, కొందరు పాతికేళ్ల నుంచి ఆడుతున్నవాళ్లు, క్లబ్ కమిటీల్లో ఉన్నవాళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో రూల్. నాకు క్లాస్ మొత్తంలో బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే మనవాళ్లలో ఈ రూల్ ఎవరూ చదవలేదు, ఎవరో చెప్తే విన్నారు, ఆ చెప్పినవాడు ఏ కాలంలో విన్నాడో ఎవరికీ తెలీదు.

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే సెటిలైన ఒక అన్న గట్టిగా చెప్పాడు, ఫెయిర్‌వేలో, అంటే పొట్టిగా కత్తిరించిన దారిలో దిగితేనే పెనాల్టీ లేకుండా ఫ్రీ, పక్కన పెరిగిన గడ్డి రఫ్‌లో దిగితే నోరుమూసుకుని కొట్టుకోవాల్సిందే అని. పెద్దాయన నవ్వి, సార్ మీరు 2018లో ఆగిపోయారు అన్నాడు. నిజంగానే అప్పటిదాకా అంతే, కోర్స్‌నో పోటీనో నడిపే కమిటీ వేరేగా లోకల్ రూల్ పెడితే తప్ప దగ్గరగా కత్తిరించిన గడ్డిలోనే రిలీఫ్. 2019 జనవరి 1 నుంచి రూల్ 16.3 కింద జనరల్ ఏరియాలో (ఆడుతున్న హోల్‌కి మొదటి షాట్ కొట్టే టీ, జెండా ఉండే గ్రీన్, ఇసుక గుంటలైన బంకర్లు, చెరువుల్లాంటి పెనాల్టీ ఏరియాలు తప్ప మిగతా కోర్స్) ఎక్కడైనా ఇస్తారు, రఫ్ అయినా సరే, పక్క హోల్ ఫెయిర్‌వే అయినా సరే. కావాలంటే కమిటీ మళ్లీ ఫెయిర్‌వే ఎత్తు గడ్డికే పరిమితం చేస్తూ లోకల్ రూల్ పెట్టుకోవచ్చు, అందుకే స్కోర్‌కార్డ్ వెనకాల ఒకసారి చూడండి అన్నాడు. స్కోర్‌కార్డ్ వెనక్కి తిప్పి చదివేవాడిని నేనైతే ఇంతవరకు చూళ్లేదు.

ఇంకొకాయన దీనికి పూర్తి రివర్స్, జనరల్ ఏరియా అంటే కోర్స్ మొత్తం అనుకుని బంకర్‌లో ప్లగ్ అయినా ఎత్తేయొచ్చు అని రాశాడు. కాదు. బంకర్ ఇసుకలో దిగితే ఫ్రీ రిలీఫ్ లేదు, అలాగే కొట్టాలి లేదా కొట్టలేనని అన్‌ప్లేయబుల్ తీసుకుని పెనాల్టీ కట్టాలి. ఎరుపు, పసుపు కర్రలు పాతిన పెనాల్టీ ఏరియాలోనూ లేదు. జనరల్ ఏరియాలోనే అయినా ఫెయిర్‌వే ఎత్తుకి కత్తిరించని చోట ఇసుక ఉండి అందులో దిగితే అక్కడా లేదు. కానీ ఇక్కడే ఒక ట్విస్ట్ చెప్పాడు, బంకర్ అంచున ఇసుక పైన మట్టితోనో గడ్డితోనో ఉండే గోడ బంకర్‌లో భాగం కాదు, అది జనరల్ ఏరియా, అక్కడ బాల్ దిగబడితే కమిటీ లోకల్ రూల్‌తో అడ్డుకోకపోతే ఫ్రీ రిలీఫ్ వస్తుంది. హాల్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బంకర్ మూతి దగ్గర ఇరుక్కున్న బాల్‌ని ఎన్ని ఏళ్లుగా ఎంతమంది కోపంగా బాది మట్టి తిన్నారో.

వానాకాలంలో అన్నిటికన్నా ఎక్కువ కన్‌ఫ్యూజన్ ప్రిఫర్డ్ లైస్‌తో. నోటీస్ బోర్డ్ మీద లిఫ్ట్, క్లీన్ అండ్ ప్లేస్ అని రాస్తారు కదా, చాలామంది అదీ ఈ ఎంబెడెడ్ రూలూ ఒకటే అనుకుంటున్నారు. అది కమిటీ పెడితేనే ఉండే లోకల్ రూల్, మామూలుగా ఫెయిర్‌వే ఎత్తు గడ్డిలోనే, బాల్ దిగినా దిగకపోయినా పర్లేదు, ఎత్తి తుడిచి చేత్తో ప్లేస్ చేస్తారు. ఎంబెడెడ్ రూల్‌కి నోటీస్ బోర్డ్‌తో పనిలేదు, ఎండాకాలంలో కూడా ఉంటుంది, ఇక్కడ ప్లేస్ చెయ్యడం కాదు, చేతిలోంచి వదిలి డ్రాప్ చెయ్యాలి. రఫ్‌లో ప్లగ్ అయిన బాల్‌ని తీసి చక్కగా గడ్డి మీద అమర్చుకునే బ్యాచ్ ప్రతి క్లబ్‌లోనూ ఉంది, వాళ్లంతా ఈ ఒక్క ముక్క వింటే చాలు.

తర్వాత అరగంట పైగా ఒకే ఒక్క పాయింట్ మీద నడిచింది, బాల్ తన సొంత పిచ్ మార్క్‌లో ఉందా లేదా. ఈ భాగానికి నేను ఫుల్ మార్కులేస్తా. బాల్ ఎంబెడెడ్ అవ్వాలంటే మీరు ఇప్పుడు కొట్టిన షాట్‌తో అదే చేసుకున్న గుంటలోనే ఉండాలి, బాల్‌లో కొంతైనా నేల మట్టం కంటే కిందికి ఉండాలి. మట్టి తగలక్కర్లేదు, మధ్యలో గడ్డి ఉన్నా ఓకే. కానీ దట్టమైన గడ్డిలోకి దిగిపోయి నేల మీదే ఆగితే అది ఎంబెడెడ్ కాదు, ఉత్త బ్యాడ్ లై, బాల్ ఆగిన చోటు బాలేదంతే. ఎగిరి వెళ్లి వేరేవాళ్ల పాత గుంటలో పడినా కాదు. ఎవరో తొక్కితే దిగినా కాదు. బాల్ నెత్తిన కొట్టి టాప్ చేసినప్పుడు గాల్లోకి లేవకుండా నేరుగా నేలలోకి దిగబడితే అదీ కాదు, మాలో కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు ఇది విని బాగా నిరాశపడ్డాడు.

అమెరికన్ ప్రో పాట్రిక్ రీడ్ గొడవ ఇక్కడే వచ్చింది. 2021 జనవరిలో ఫార్మర్స్ ఇన్సూరెన్స్ ఓపెన్ టోర్నమెంట్, టోరీ పైన్స్ కోర్స్, మూడో రౌండ్ పదో హోల్. రఫ్‌లో పడ్డ బాల్ బౌన్స్ అయిందా అని అక్కడున్న వాలంటీర్‌ని అడిగాడు, లేదన్నారు, చోటు గుర్తు పెట్టి (మార్క్ చేసి) బాల్ ఎత్తాడు, ఆ తర్వాత అఫీషియల్‌ని పిలిచాడు, ఆయన వేలితో తడిమి చూసి గుంట అంచు తగులుతోంది అన్నాడు, ఫ్రీ డ్రాప్ వచ్చింది. తీరా టీవీ రీప్లేలో చూస్తే బాల్ బౌన్స్ అయింది, అంటే సొంత గుంటలో ఉండే ఛాన్స్ చాలా తక్కువ. తప్పేం లేదని తేల్చారు, ఎందుకంటే ఆ క్షణంలో తెలిసిన విషయాలతో సహేతుకంగా నిర్ణయం తీసుకుంటే రూల్ ఒప్పుకుంటుంది, తర్వాత వీడియో వేరేగా చూపించినా సరే. టోర్నమెంట్ కూడా ఆయనే ఐదు షాట్ల తేడాతో గెలిచాడు. క్లాస్ రెండు పార్టీలుగా చీలిపోయింది, ఇడ్లీలు వచ్చేదాకా ఆగలేదు. నా ఒపీనియన్ అడిగితే, రూల్ ప్రకారం రీడ్ క్లీన్, కానీ ఎత్తకముందే అఫీషియల్‌ని పిలిచి ఉంటే ఇంత రచ్చ అయ్యేదే కాదు. రూల్ అది అడగదు, అది వేరే విషయం. పెద్దాయన మాత్రం ఎవరి పక్షం తీసుకోకుండా ప్రతివాడితో మీకు ఏం కనిపించింది, ఎవర్ని అడిగారు అని రెండు ప్రశ్నలే వేశాడు, టీచర్ అంటే అలా ఉండాలి.

ప్రాక్టికల్ సెషన్ ఇంకా బాగుంది. రేంజ్ పక్కన రఫ్‌ని ముందు రోజే పైపుతో తడిపి ఉంచారు, బాల్స్‌ని రకరకాల లోతుల్లో పెట్టి ఒక్కొక్కర్ని పిలిచి ఇది ఎంబెడెడా కాదా చెప్పమన్నారు. చూసి తేల్చలేకపోతే ఎత్తి చూడొచ్చు, రూల్ 16.4, కానీ ముందు మార్క్ చెయ్యాలి, తుడవకూడదు. పాతకాలంలో ఎత్తేముందు మన స్కోరు రాసే మార్కర్‌కి చెప్పాలి, 2019 నుంచి అది అక్కర్లేదు, చెప్తే మర్యాద అంతే. ఇక్కడ కామెడీ ఏంటంటే బాల్ చేతికి రాగానే అందరి చెయ్యీ ఆటోమేటిగ్గా టవల్ మీదకి పోతుంది. రిలీఫ్ ఉందని తేలితే తుడుచుకోవచ్చు, లేదని తేలితే ఆ మట్టితోనే అదే చోట పెట్టాలి, ముందే తుడిచేస్తే ఒక షాట్ పెనాల్టీ. ఆయన పక్కనే నిలబడి టవల్, టవల్ అని అరుస్తుంటే నవ్వాగలేదు.

డ్రాప్ కూడా అందరి చేతా చేయించాడు. బాల్ దిగిన చోటికి సరిగ్గా వెనకాల స్పాట్, అక్కడ నుంచి ఒక క్లబ్ లెంగ్త్ లోపు, హోల్‌కి దగ్గరగా కాకుండా, జనరల్ ఏరియాలోనే, మోకాలి ఎత్తు నుంచి. క్లబ్ లెంగ్త్ అంటే పటర్ తప్ప మీ బ్యాగ్‌లో అన్నిటికంటే పొడుగు క్లబ్, అంటే మామూలుగా డ్రైవర్. ఒక సీనియర్ అంకుల్ భుజం ఎత్తు నుంచి వదిలాడు, అది కూడా 2018 బాపతే. బాల్ రిలీఫ్ ఏరియా దాటి పోతే ఇంకోసారి డ్రాప్, మళ్లీ పోతే రెండోసారి నేలకి తగిలిన చోట ప్లేస్. గ్రీన్ మీద దిగితే ఇదంతా లేదు, మార్క్ చేసి ఎత్తి, గుంట సరిచేసి, అక్కడే పెట్టుకోవడం. ఫెయిర్‌వేలో మాత్రం ఆ గుంట మీ లైన్‌లో ఉంటే షాట్ కొట్టకముందే కాలితో నొక్కి చదును చెయ్యొద్దని రెండు సార్లు చెప్పాడు, లైన్ ఇంప్రూవ్ చేసినట్టే లెక్క, కొట్టాక పూడ్చండి.

బ్యాగ్ మోసే క్యాడీలకి ఎంట్రీ ఫ్రీ పెట్టారు, ఈ ఒక్క పనికి వాళ్లకి దండం. వచ్చినవాళ్లలో ఒకతను కుప్పం సైడ్ మనిషి, తెలుగు వినగానే మా పక్కకి వచ్చి కూర్చున్నాడు. మేం కరెక్ట్‌గా చెప్పినా వినరన్నా, తప్పుగా చెప్తే మాత్రం పెనాల్టీ మీవల్లే అంటారు అన్నాడు. అతనికి కూడా తెలీని పాయింట్ ఒకటి వచ్చింది, గ్రీన్ మీద తప్ప ప్లేయర్ అప్పటికప్పుడు చెప్పకుండా క్యాడీ బాల్ ఎత్తకూడదు, ఎత్తితే ప్లేయర్‌కి ఒక షాట్. ఇక డ్రాప్ అయితే ప్లేయరే చెయ్యాలి. మన దగ్గర సార్ నడుచుకుంటూ వచ్చేసరికి క్యాడీ బాల్ తీసి, కడిగి, పక్కన పెట్టి నవ్వుతూ నిలబడటం మామూలే కదా.

ఇప్పుడు తిట్లు. మధ్యలో ఒక గంట స్లైడ్స్, 1952లో గోల్ఫ్ రూల్స్ చూసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు కలిసి ఒకే రూల్స్ తెచ్చాయి, 2019లో 34 రూల్స్ 24 అయ్యాయి, 2023లో మళ్లీ మార్చారు అంటూ. తెలుసుకోవాల్సినవే గానీ రేకుల షెడ్‌లో, ఎండ మొహాన పడే ప్రొజెక్టర్ మీద గంట అవసరమా, పది నిమిషాలు చాలు. దాని బదులు పెనాల్టీ ఏరియా, వాన నీళ్లు నిలిచిన చోట రిలీఫ్ మీద టైం ఇవ్వాల్సింది, ఆ రెండూ చివర్లో పరిగెత్తించేశారు. నీళ్లలో దిగిన బాల్‌కి ఏ రూల్ వాడుకుంటే మనకి లాభం అని ఒకామె మంచి ప్రశ్న వేసింది, లంచ్ తర్వాత మాట్లాడదాం అన్నారు, లంచ్ తర్వాత ఎవరూ లేరు.

టీ బ్రేక్‌లో ఏడాది కోచింగ్ ప్యాకేజ్ అమ్మే అబ్బాయి ఒకడు వదలడు, వద్దు తమ్ముడూ అన్నా ఫోన్ నంబర్ అడుగుతాడు. ఇడ్లీ చల్లారిపోయింది, చట్నీ బాగుంది. సర్టిఫికెట్ ఇస్తారు, దేనికీ పనికిరాదు. చేతికి ఒక చిన్న కార్డ్ ప్రింట్ చేసిచ్చి ఉంటే బ్యాగ్‌లో పెట్టుకునేవాళ్లం, అది మాత్రం లేదు. ఎక్స్‌ప్లనేషన్ అంతా ఇంగ్లీష్‌లోనే, డౌట్లు అడిగితే కన్నడలో, హిందీలో కూడా చెప్తాడు, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడు.

యాప్ ఉండగా క్లాస్ ఎందుకు అని అడుగుతారు కొందరు. ఆర్ అండ్ ఏ వాళ్లదీ యూఎస్‌జీఏ వాళ్లదీ రూల్స్ యాప్‌లు ఫ్రీనే, 16.3 దగ్గర బొమ్మలు కూడా శుభ్రంగా ఉంటాయి, చదివే ఓపిక ఉన్నవాళ్లకి అది చాలు, డబ్బులు మిగుల్చుకోండి. కానీ గుంటలో వేలు పెట్టి అంచు తగులుతోందా లేదా తేల్చడం ఫోన్ చూస్తే రాదు. ముఖ్యంగా క్లబ్ కాంపిటీషన్స్ ఆడేవాళ్లు, తప్పు చోట నుంచి ఆడితే మొత్తం షాట్లు లెక్కేసే స్ట్రోక్ ప్లేలో రెండు షాట్లు, ఒక్కో హోల్‌కి గెలుపోటములు చూసే మ్యాచ్ ప్లేలో హోలే పోతుంది కాబట్టి, ఒక్కసారి వెళ్లండి. ఊరికే వారానికోసారి సరదాగా తొమ్మిది హోల్స్ ఆడేవాళ్లకి యాప్ ఉంటే చాలు.

వెళ్లేవాళ్లు ఫోర్‌బాల్ మొత్తం కలిసి బుక్ చేసుకోండి, ఒక్కడే నేర్చుకుని వస్తే మిగతా ముగ్గురు నమ్మరు. పాత షూస్ వేసుకోండి, ఆ తడిపిన రఫ్ ఎర్రగా అంటుకుంటే పోదు. స్లైడ్స్ ఇడ్లీల తర్వాత మొదలవుతాయి, ఆ టైంలో రేంజ్‌లో ఒక బకెట్ బాల్స్ కొట్టుకుని ప్రాక్టికల్‌కి వచ్చినా ఎవరూ ఏమనరు. ఐదుకి మూడున్నర ఇస్తున్నా, ఆ ప్యాకేజ్ అబ్బాయి లేకపోతే నాలుగు.